ఎర్ర కడియం పిట్ట మీద పందెం

ఆ ఏడు ఆగస్టులో మా అమ్మ నన్ను ఇంట్లోంచి పంపెయ్యాలని నిశ్చయించుకుంది. సరిగ్గా అదే వారంలో మా వంటింటి వెనక ముళ్ళకంచెలో ఉండే తల్లి రెన్ పిట్ట తన కూతుళ్ళని తరమడం మొదలుపెట్టింది. అందులో పిట్ట తప్పేమీ లేదు. ఆగస్టు వస్తే నీలి రెన్ పిట్టలు చేసే పనే అది. కానీ మా అమ్మకి దాంతో ఒక సాక్షి దొరికింది.

మా దేశంలో ఆగస్టంటే చలికాలం చివర, గడ్డి మీద మంచు ఇంకా కరగలేదు. ఆ పొద్దున కొత్తగా ఈనిన గొర్రెల్ని చూసుకుని టీ కోసం పెద్దింటికి వచ్చాను. అమ్మ కిటికీ ముందు గిన్నెలు కడుగుతోంది. బయట బట్టల తీగ కింద రెండు గోధుమరంగు పిట్టలు, బొటనవేలంత ఒళ్ళు, నిక్కబొడుచుకున్న తోకలు. తల్లి వచ్చి ఒకదాని వీపు మీద పడి పొడిచింది. అది లేచి కంచెలో దూరితే కంచెలోకీ వెళ్ళి పొడిచింది.

"చూశావా నెరిడా," అంది అమ్మ. "దానికి ఎవరూ చెప్పలేదు. అయినా తెలుసు. పిల్ల పెద్దదైతే దాని దారి అది చూసుకోవాలి."

నువ్వు చెప్తున్నది పిట్ట సంగతా, నా సంగతా అని అడిగాను.

మా అమ్మ పొమ్మనలేక పొగబెట్టే రకం కాదు. చేతులు తుడుచుకుని, కుర్చీ లాక్కుని, ఎదురుగా కూర్చుని పొమ్మనే చెప్పింది. గూల్బర్న్ పట్నంలో పిన్ని ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందట. అక్కడి ఆస్పత్రి వంటింట్లో మనుషులు కావాలట. గొర్రెల ఉన్ని కత్తిరింపులు అయ్యేదాకా ఉండి, ఆ తర్వాత వెళ్ళొచ్చట.

నాకప్పుడు ముప్ఫై మూడు. బడి మానేసిన రోజు నుంచి ఆ గొర్రెల వెంటే ఉన్నాను. కత్తిరింపు షెడ్డు అవతల, మామ్మ పోయాక ఖాళీ అయిన కాటేజీలో నా కాపురం, నేనూ నా కుక్కా. తమ్ముడు గ్రేమ్‌కి డిసెంబరులో జానైన్ అనే పిల్లతో పెళ్ళి. మా కొండల్లో ఈ విషయంలో పద్ధతి ఎప్పుడూ ఒక్కటే. భూమిని ముక్కలు చేస్తే ఎవరికీ కూడు దొరకదని మొత్తం కొడుక్కే ఇస్తారు. అతని పెళ్ళితో పెద్దిల్లు అతనిదీ కోడలిదీ అవుతుంది. అమ్మానాన్నలు కాటేజీకి మారతారు. కూతుళ్ళు అప్పటికే ఎవరింటికో వెళ్ళిపోయి ఉంటారు. నేను వెళ్ళలేదు. పద్ధతిలో నాకు చోటు లేదు, కాటేజీలో మాత్రం నా మంచం ఉంది. చిక్కంతా అక్కడే.

"గొర్రెకి కాన్పు చెయ్యమంటే చేస్తాను గానీ, రోగులకి జెల్లీ వడ్డించడం నా వల్ల కాదు," అన్నాను.

"మేమంతా పోలేదా?" అంది అమ్మ. "పోయి చచ్చిపోయామా?"

టీ సగంలో వదిలేసి బయటికొచ్చేశాను. కోపంతో నా చెవులు వేడెక్కిపోయాయి. ఎవరో పరాయివాళ్ళు అని ఉంటే నాలుగు దులిపేసేదాన్ని. కన్నతల్లిని ఏమంటాం?

ఆ పిట్టల గురించి అమ్మ కంటే నాకే ఎక్కువ తెలుసు. ఊళ్ళో ఒక రిటైరైన టీచరమ్మ ఉండేది, పక్షుల కాళ్ళకి రంగు కడియాలు వేసే అనుమతి ఉన్న మనిషి. వేసవిలో వచ్చి మా కంచె పక్కన సన్నటి వల కట్టేది, నేను సాయం పట్టేదాన్ని. ఆవిడ వల్ల నాకు ఒక్కో పిట్టా విడివిడిగా తెలుసు. కంచె యజమాని ఒక ముసలి మగపిట్ట. కుర్ర మగపిట్టలు పిల్లల్ని పెంచే కాలం అయిపోగానే నీలం రాల్చుకుని గోధుమరంగులోకి దిగిపోతాయి. ఇతను మాత్రం నడి చలికాలంలో కూడా నీలం విప్పేవాడు కాదు. నెత్తి మీదా బుగ్గల మీదా ఆకాశం రంగు, కళ్ళ మీదుగా నల్లటి పట్టీ, మెడ దగ్గర చీకటి నీలం. ఆయన భార్య ఈ తల్లిపిట్ట. కిందటి వేసవి పిల్లలు ముగ్గురు మిగిలారు. కూతుళ్ళు ఇద్దరు, ఒకదానికి పసుపు కడియం, ఒకదానికి ఎర్ర కడియం. ఆలస్యంగా పుట్టిన కొడుక్కి తెల్ల కడియం.

నీలంగా ఉంటే మగ, గోధుమరంగైతే ఆడ అని మా వాళ్ళు పుట్టిన దగ్గర్నుంచీ నమ్ముతారు. ఎన్నిసార్లు చెప్పినా వినేవాళ్ళు కాదు. నీలం ఇంకా రాని కుర్ర మగపిట్టా గోధుమరంగులోనే ఉంటుంది. తేడా తెలియాలంటే దగ్గర్నుంచి చూడాలి. ఆడదానికి ముక్కూ, కంటి చుట్టూ వలయమూ ఇటుక రంగులో ఉంటాయి, తోక గోధుమరంగు. కుర్రవాడికి ముక్కు నలుపు, తోకలో నీలం. "నీలం ఉంటే అయ్యగారు, లేకపోతే అమ్మగారు, ఇంతోటి దానికి చదువెందుకు?" అనేవాడు గ్రేమ్.

పసుపు కడియం మొదటి వారంలోనే రోడ్డు దాటి పోయింది. ఎర్ర కడియం పోలేదు. తల్లి తరిమితే కంచె ఈ చివర్నుంచి బయటికొచ్చేది, నీళ్ళ ట్యాంకు వెనక నుంచి తిరిగి ఆ చివర్లో దూరేది. నెత్తి మీద ఈకలు ఊడి బట్టతల కనిపించేదాకా దెబ్బలు తింది. అయినా సాయంత్రానికి కంచె అడుగు కొమ్మ మీద ముడుచుకుని కూర్చునేది. తెల్ల కడియం వాడి జోలికి మాత్రం ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. వాడు ఎండలో కూర్చుని ఈకలు దువ్వుకునేవాడు. వాణ్ణి చూస్తే గ్రేమ్ గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండేది. గ్రేమ్ చెడ్డవాడు కాదు. అడక్కుండానే అన్నీ దొరికినవాడు, అంతే.

సెప్టెంబరులో తుమ్మ జాతి వాటిల్ చెట్లు పసుపుపచ్చగా విరగబూశాయి. ఒకరోజు అమ్మ మురిసిపోతూ నన్ను కిటికీ దగ్గరికి పిలిచింది. ఒక నీలం పిట్ట ముక్కున పసుపు రేక పట్టుకుని, బుగ్గల ఈకలు ఉబ్బించి, తల్లిపిట్ట ముందు అటూ ఇటూ ఒళ్ళు తిప్పుతున్నాడు. పెళ్ళాం అంటే వాడికి ఎంత ప్రేమో చూడమంది.

"అది వాడి పెళ్ళాం కాదమ్మా," అన్నాను. "వాడు వాగవతల వాడు. వాడి పెళ్ళాం అక్కడ గూడు కట్టుకుంటోంది. ఈవిడేమో తెల్లారకముందే వెళ్ళి నచ్చినవాణ్ణి చూసుకుని వస్తుంది. ఈ కంచెలో పుట్టే పిల్లల్లో సగం మంది మన ముసలాయన పిల్లలు కారు. పాపం, అందరికీ పురుగులు తెచ్చిపెట్టేది మాత్రం ఆయనే."

"ఛీ, తమ్ముడి పెళ్ళి పెట్టుకుని ఏం మాటలవి?"

"పిట్టల్ని చూసి నేర్చుకోమన్నది నువ్వే కదా. నేర్చుకునేదేదో పూర్తిగా నేర్చుకుందాం."

అమ్మ నవ్వాపుకోలేక నా వీపు మీద తడిగుడ్డతో కొట్టింది. ఆ ఒక్క నిమిషం మేమిద్దరం మునుపటిలా ఉన్నాం. కానీ ఆ ఆదివారమే భోజనాల దగ్గర గ్రేమ్ వేయించిన మాంసం కోస్తూ, నా వైపు చూస్తూ, "ఇంకా పోలేదా?" అన్నాడు.

"ఎవరు?" అన్నాను.

"ఎవరేంటక్కా, పిట్ట."

అందరికీ అర్థమైంది. జానైన్ తల వంచుకుని బంగాళాదుంపలు కెలుక్కుంది. ఇక మా నాన్న సంగతి చెప్పాలి. మా వాళ్ళు గోడ మీద రెండు ఈగలు వాలితే ఏది ముందు లేస్తుందా అని పందెం కాసే మనుషులు. నాన్న వాళ్ళలో మొనగాడు. ఏ గొర్రెని ఉంచాలో, దేన్ని అమ్మాలో క్షణంలో చెప్తాడు. మనుషుల విషయం వచ్చేసరికి నోరు పెగలదు. ఏదైనా నిర్ణయం తీసుకోవాల్సి వస్తే దాన్ని పందెం కింద మార్చేసి తను తప్పుకుంటాడు. ఆ రోజూ అదే చేశాడు. కత్తిరింపుల ఆఖరి రోజు వరకూ ఎర్ర కడియం కంచెలోనే ఉంటే నన్నూ ఉండనిద్దామన్నాడు. ఈలోపు అది పోతే అమ్మ చెప్పినట్టే జరగాలన్నాడు.

పిట్టల మీద అమ్మకి అపారమైన నమ్మకం. వెంటనే సరేనంది. గ్రేమ్ అది పోతుందని ఆరు సీసాల బీరు కాశాడు. నాన్న పోదని ఆరు కాశాడు. అప్పుడు తమ్ముడు నా వైపు తిరిగి, "నువ్వెంత కాస్తావక్కా?" అన్నాడు.

"నేను కాయను."

"ఓడిపోతానని భయమా?"

"నా మంచం మీద మీరెవరు పందెం కాయడానికి? కాసుకోండి, మీ సరదా. నేను మాత్రం కాయను."

"మొండివాడు రాజు కన్నా బలవంతుడు అంటారు, మొండిదాని సంగతేంటో," అని నాన్న నవ్వేసి మాంసం వడ్డించమన్నాడు. నవ్వనిది నేనొక్కదాన్నే. మా ఇంట్లో ఇన్నేళ్ళు నేను చేసిన చాకిరీ అంతా పది గ్రాముల పిట్ట నెత్తిన పెట్టారు.

అక్టోబరు మొదట్లో అమ్మ కొలతల టేపు పట్టుకుని నా కాటేజీకి వచ్చింది, కిటికీలకి కర్టెన్లు కుట్టాలట. వెంట జానైన్ కూడా వచ్చింది. టేపు రెండో కొస పట్టుకోమని అమ్మ అడిగితే నేను కదలకుండా టోస్టు తింటూ కూర్చున్నాను. ఉన్న కర్టెన్లు నాకు బాగానే ఉన్నాయన్నాను. రెండో కొస జానైన్ పట్టుకుంది. అమ్మ కొలవడం ఆపి పొయ్యి దగ్గర నిలబడి రెండు చేతులూ చాచి చూసుకుంది. "ఈ వంటిల్లు ఇంత చిన్నదని మర్చిపోయాను," అంది. ఎవరితోనో చెప్పినట్టు లేదు. అమ్మ గుమ్మం దాటాక జానైన్ వెనక్కొచ్చి, "వదినా, నాకు మీ అమ్మ వంటింట్లో అడుగు పెట్టాలంటేనే భయం. ఏ గరిటె ఎక్కడుంటుందో కూడా తెలీదు," అని గొణిగి పరుగెత్తింది. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. ఆమెనీ ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ నెల మధ్యలో కత్తిరింపుల వాళ్ళు దిగారు. వాళ్ళ పెద్ద డార్సీ, ఇరవయ్యేళ్ళుగా మా షెడ్డుకి వస్తున్న మనిషి. పందెం సంగతి గంటలో అందరికీ తెలిసిపోయింది. టీ విరామంలో కప్పులు పట్టుకుని కంచె వైపు నడిచి, గోధుమరంగు పిట్ట కనిపిస్తే ఉందనీ, కనిపించకపోతే పోయిందనీ కేకలు. డార్సీ రోజూ పొద్దున్నే నన్ను చూసి టోపీ తీసి, "ఇంకా ఉన్నావా అమ్మాయ్?" అనేవాడు. ఇవాళ్టికి ఉన్నాను డార్సీ, నీ నడుం ఎలా ఉందో చూసుకో అనేదాన్ని. పైకి అలా అనేదాన్ని గానీ, రోజూ వెలుగు రాగానే బైనాక్యులర్స్ మెడలో వేసుకుని ఆ కంచె దగ్గరికి పోయేదాన్ని. పందెం కాయలేదు కదా, ఎందుకు పోతున్నానని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. అసలు కారణం నాకు తెలుసు. అది దెబ్బలు తింటూ ఉండిపోవడం చూస్తే నాకు బలం వచ్చేది.

తల్లి అప్పటికి గుడ్ల మీద కూర్చుంది. లేచినప్పుడల్లా కూతుర్ని తరిమి మళ్ళీ వచ్చి కూర్చునేది. ఆఖరి వారం బుధవారం పొద్దున ఎర్ర కడియం కనిపించలేదు. కంచె మొత్తం వెతికాను. నీళ్ళ ట్యాంకు వెనకా, కోళ్ళ గూడు పక్కనా వెతికాను. మధ్యాహ్నం తిండి మానేసి వాగు దాటి, వంతెన పక్క ముళ్ళ పొదల్లో కూడా చూశాను. అక్కడ వేరే కుటుంబం ఉంది, కడియాలు లేని పిట్టలు. తల్లి తరిమితే పోయిందో, దానంతటదే పోయిందో, ఏ పిల్లి నోట పడిందో నేను చూడలేదు, చూడనిది చెప్పను. వంతెన మీద కూర్చుని ఏడ్చాను. ముఖం కడుక్కుని షెడ్డుకి వెళ్ళి సాయంత్రం దాకా ఉన్ని బల్ల దగ్గర పని చేశాను. ఆ రెండు రోజులూ ఊపిరి సలపని పని. పిట్ట సంగతి నన్ను ఎవరూ అడగలేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి ఆఖరి గొర్రె అయిపోయింది. డార్సీ మిషను ఆపి నడుం నిలబెట్టాడు. ఇంజను శబ్దం పోయేసరికి షెడ్డంతా బోసిపోయినట్టయింది. అమ్మ బుట్టలో కేకు, పెద్ద కెటిల్లో టీ తెచ్చింది. అందరం మెట్ల మీదా, ఉన్ని మూటల మీదా కూర్చున్నాం. గ్రేమ్ చెమట తుడుచుకుంటూ నా పక్కన చతికిలబడ్డాడు. అప్పుడు మెట్ల కిందికి ఒక గోధుమరంగు పిట్ట గెంతుకుంటూ వచ్చి కేకు పొడి ఏరుకోవడం మొదలుపెట్టింది.

"అదిగో క్లైవ్, నీ పిట్ట," అన్నాడు డార్సీ మా నాన్నతో.

నాన్న ముందుకి వంగి చూశాడు. ఆయన ముఖంలో అంత తేలిక నేనెప్పుడూ చూడలేదు, నెల రోజులుగా మోస్తున్న బరువు ఎవరో దింపినట్టుంది. "అయితే బెరిల్, పందెం అయిపోయింది. పిట్ట ఉంది, అమ్మాయీ ఉంటుంది," అన్నాడు అమ్మతో. గ్రేమ్ నవ్వుతూ ఆరు సీసాలు పోయాయన్నాడు. వాడి ముఖంలోనూ బాధ లేదు. అమ్మ కప్పు కింద పెట్టి ఆ పిట్టనే చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి, సరే, మాట మాటేనంది.

నోరు మూసుకుని ఉంటే అంతటితో అయిపోయేది. అందరికీ అదే కావాలి. కానీ నా కళ్ళు ముందే చూసేశాయి. ముక్కు నలుపు. తోకలో నీలం. కాలికి తెల్ల కడియం. చూసినదాన్ని చూడలేదనుకోవడం నాకు చేతకాదు. అంతకంటే పెద్ద కారణం ఇంకోటుంది. ఇవాళ పిట్ట పుణ్యాన ఉండిపోతే, రేపు ఇంకో పిట్ట పాపాన పోవాల్సి వస్తుంది.

"అది కాదు నాన్నా," అన్నాను.

"ఏది కాదు?"

"అది ఎర్ర కడియం కాదు, దాని తమ్ముడు. వీడికింకా రంగు రాలేదంతే. ముక్కు చూడు, నల్లగా లేదూ? ఎర్ర కడియం బుధవారం నుంచి లేదు. అంతా వెతికాను. పోయింది."

డార్సీ కేకు నమలడం ఆపేశాడు. గ్రేమ్ నా మోచేతిని పొడిచి, ఊరుకుంటే నీ సొమ్మేం పోయేదని గొణిగాడు. అమ్మ నెమ్మదిగా నా వైపు తిరిగింది. గెలిచినదాని ముఖంలా లేదు అది.

"పోయిందని నీ నోటితో నువ్వే చెప్తున్నావు," అంది.

"చెప్తున్నాను. అది పోయింది. నేను పోను."

"మరి పందెం?"

"పందెం మీరు కాసుకున్నారు. నేను కాయలేదు." లేచి నిలబడ్డాను. "తల్లిపిట్ట ఆగస్టు రాగానే పిల్లని తరుముతుందమ్మా. దానికి ఇంకోటి చేతకాదు. మనకి చేతనవును. ఈ దొడ్లో గొర్రెలు చాలావరకు నా చేతుల్లోకి పుట్టాయి. కాటేజీకి మీరూ రండి, ముగ్గురం ఇరుక్కుందాం. కానీ నన్ను పంపాలంటే మాత్రం ఈ ఉన్ని మూటల్లో కుక్కి లారీ ఎక్కించాలి. నా అంతట నేను కదలను."

గ్రేమ్ ముఖం ఎర్రబడింది. "నేనెప్పుడైనా నిన్ను పొమ్మన్నానా అక్కా?"

"ఉండమని కూడా అనలేదు కదరా."

వాడు బూట్ల వైపు చూసుకున్నాడు. నాన్న లేచాడు. మా అందరినీ ఒకసారి చూశాడు, దొడ్లో తెల్లగా వణుకుతున్న గొర్రెల్ని చూశాడు. కాయడానికి ఇంక ఏ పందెమూ దొరకలేదనుకుంటాను. "ఎండ దిగకముందే వీటిని గాలి తగలని పొలంలోకి తోలాలి," అన్నాడు. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "అమ్మాయ్, కుక్కని పిలు."

కుక్కని పిలిచాను. ఆ రోజు జరిగింది అంతే.

అమ్మ తర్వాత నాతో మాట్లాడలేదు. వారాల తరబడి రొట్టె అందించమంటే అందించేది, అంతకు మించి లేదు. ఊళ్ళో మాత్రం అందరూ మాట్లాడారు. తమ్ముడి కొంప మీద కూర్చుందన్నారు, సొంత కాపురం లేనిదానికి పరాయి కాపురం ఎందుకన్నారు. చర్చి మెట్ల మీద ఒకావిడ నాకు వినపడేలా అంటే, ఆదివారం పూట అంత ఎండలో నోరు నొప్పెట్టదా అని అడిగాను. నవ్వుతూనే అడిగాను. ఆవిడ మళ్ళీ అనలేదు.

కంచెలో గుడ్లు పిల్లలయ్యాయి, పిల్లలు ఎగిరాయి. తెల్ల కడియం వాడికి నీలం మొదలైంది, మాసికలేసిన చొక్కా తొడుక్కున్నట్టు అక్కడో ముక్క ఇక్కడో ముక్క. వాడూ రోజంతా చెల్లెళ్ళకీ తమ్ముళ్ళకీ పురుగులు మోస్తూనే ఉన్నాడు. వాడి మీద నాకున్న కోపం కూడా తగ్గిపోయింది.

పెళ్ళికి వారం ఉందనగా అమ్మానాన్నలు కాటేజీకి మారే రోజు వచ్చింది. నేను నా మంచాన్ని చిన్న గదిలోకి జరిపి, ముందు గది ఊడ్చి పెట్టాను. ట్రాక్టరు వెనక ట్రెయిలర్ కట్టి నాన్నా గ్రేమూ పెద్దింటి నుంచి మంచం దింపి దాని మీద తాళ్ళతో కట్టారు. వరండాలో జానైన్ పింగాణీ సామాన్ల పెట్టె చేత్తో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడింది. గిన్నెలు సర్దడానికి సాయం చేద్దామని నేను వంటింట్లోకి వెళ్ళాను.

గిన్నెలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉంది. నా అడుగుల చప్పుడు విని తిరక్కుండానే మాట్లాడింది.

"మా నాన్న నా పెట్టె తీసుకొచ్చి వరండా మెట్ల మీద పెట్టాడు. నాకు పందొమ్మిదేళ్ళు. మా అన్న గుర్రానికి జీను బిగిస్తూ నన్నే చూస్తున్నాడు. ఆ గుర్రాన్ని మాలిమి చేసింది నేను. ఎవరూ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. పెట్టె మెట్ల మీద ఉంది, నేను ఎత్తుకుని నడిచాను." అక్కడ ఆగింది. "పోనని అనొచ్చని నాకు తట్టలేదు నెరిడా. అలాంటి మాట ఒకటి ఉంటుందనే తెలీదు."

వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"నువ్వు షెడ్డులో అన్నావు," అంది. "ఆకాశం విరిగి మీద పడుతుందనుకున్నాను. మీ నాన్న కుక్కని పిలవమన్నాడు."

బయట నుంచి నాన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఎండ ముదురుతోందనీ, అల్మారా కూడా ఎక్కించాలనీ, త్వరగా రమ్మనీ అన్నాడు. అమ్మ ఒక కుర్చీ లాగింది. టేబుల్ ముందు, ముప్ఫై అయిదేళ్ళుగా తను కూర్చునే చోటే కూర్చుంది.

"మంచం దించు క్లైవ్," అంది.

"ఏం? ఏదైనా మర్చిపోయావా?"

"లేదు. ఈ వంటిల్లు నాది. ఆ పిల్లకి వేరే వంటిల్లు కావాలంటే గ్రేమ్ కట్టిస్తాడు, చేతులున్నాయి కదా వాడికి. నేను పోను."

వరండాలో జానైన్ పెట్టె నేల మీద పెట్టిన చప్పుడైంది. గ్రేమ్ ఏదో అనబోయాడు, ఆమె వాడి చెయ్యి పట్టుకుంది. నాన్న నా వైపు చూశాడు, ఇది నీ పనేనా అన్నట్టు. నేను ఇంకో కుర్చీ లాక్కుని అమ్మ పక్కన కూర్చున్నాను.

నాన్న టోపీ పెట్టుకుని ట్రెయిలర్ దగ్గరికి వెళ్ళి తాడు విప్పడం మొదలుపెట్టాడు.